రాత్రి షిఫ్టు – దేహములోని గడియారము

రామగుండము, గోదావరిఖని ప్రాంతపు గ్రామములలో అనేక కుటుంబములకు రెండు జీవనాధారములు గలవు. ఒకటి పొలము, రెండవది సింగరేణి బొగ్గుబావి. బావిలో పని మూడు షిఫ్టులుగా జరుగును. రాత్రి షిఫ్టు ముగించి ఉదయమున ఇల్లు చేరినవాడు, నాట్ల కాలమున నిద్రింపక నేరుగా మడిలోనికి దిగుట మనము చూచుచున్నదే. అట్టివానిని కష్టజీవి యని మెచ్చుకొందుము. కాని అందుకు అతని దేహము చెల్లించు మూల్య మెంతయో సభ్యు లెల్లరు తెలిసికొనవలసి యున్నది.

ప్రాణుల దేహములలో కాలము నెరుగు ఏర్పాటొకటి కలదు. 1729లో డి మేరాన్ అను ఫ్రెంచి పండితుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో నుంచి చూచెను. ఎండ తగులకున్నను దాని ఆకులు పగలు విచ్చుకొని రాత్రి ముడుచుకొనుచుండెను. మనుష్యుని సంగతి యేమి? 1938లో క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మామత్ గుహలో శిష్యునితో గూడ 32 దినములు నివసించి, 28 గంటలకు ఒక దినముగా నిద్రాహారములు జరుపుకొనెను. శిష్యుని దేహము ఆ క్రమమునకు లొంగెను. గురువు దేహపు వేడిమి మాత్రము 24 గంటల లెక్క ననుసరించియే హెచ్చి తగ్గుచుండెను. అందరి దేహములు ఒక్కతీరున మారవని దీనివలన తెలియుచున్నది.

ఈ గడియారపు స్థానము మెదడులో, కంటి నరములు కలియు చోటికి పైన గలదని 1972లో పరిశోధకులు కనుగొనిరి. అది తన కాలమును ముఖ్యముగా సూర్యకాంతిని బట్టి దిద్దుకొనును. బావిలోని టోపీదీపపు వెలుగు ఎండముందు బహు స్వల్పము. షిఫ్టు దిగి ఇంటికి వచ్చుదారిలో ముఖమున పడు ఎండ, “తెల్లవారినది, మేల్కొను” మని మెదడునకు చెప్పును. అందుచేత షిఫ్టు మారినను దేహము వెంటనే మారదు.

మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను రసమును రక్తములోనికి విడుచుచుండును. ఇది తెల్లవారుజామున హెచ్చి, మేల్కొను వేళకు మిక్కుటమై, పిమ్మట తగ్గుచు అర్ధరాత్రి ప్రాంతమున మిక్కిలి స్వల్పమగును. రక్తములో చక్కెరను పెంచి దేహమును పనికి సిద్ధపరచుట దీని ధర్మము. భయము, ఆపద, వ్యాధి కలిగినపుడును ఇది హెచ్చి మనలను నిలబెట్టును. రాత్రి షిఫ్టువాడు ఈ రసము సన్నగిల్లిన వేళ బరువుపని చేయును. అది నిండుగా నున్న వేళ పండుకొనును. అందుకే పగటినిద్ర కొద్దిసేపటికే చెదరును. నిద్ర బాకీ పడినకొలది సాయంకాలము తగ్గవలసిన కార్టిసాల్ సరిగా తగ్గదు. చిరాకు, మరపు, ఇంటిలో తగవులు పుట్టును. ఏండ్ల తరబడి సాగినచో చక్కెరవ్యాధి, గుండెజబ్బు కలుగు అవకాశము హెచ్చును. రాత్రి షిఫ్టు పని కాన్సరునకు బహుశః కారణమని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2007లో నిర్ణయించెను.

ఇక అపాయముల సంగతి. 17 గంటలు మేల్కొని యున్నవాని చేతిపని, రక్తములో నూటికి 0.05 వంతు సారాయి గలవాని పనివలె తడబడునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. మనదేశములో వాహనము నడుపువానికి చట్టపు హద్దు 0.03 మాత్రమే. చుక్క త్రాగకపోయినను, రాత్రియంతయు మేలుకొని ట్రాక్టరు నెక్కువాడు ఆ హద్దును దాటినవానితో సమానుడు.

రైతునకు ఈ బాధ క్రొత్తది కాదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యమునకు 24 గంటల కరెంటు సరఫరా ప్రారంభము కాకపూర్వము, రాత్రి వంతు వచ్చినపుడు అర్ధరాత్రి మోటారు కడకు పోవలసి వచ్చెడిది.

కావున ఈ క్రింది నియమములు పాటింపదగినవి. షిఫ్టు దిగినవాడు నల్లకండ్లద్దములు ధరించి ఇంటికి వచ్చి, కొద్దిగా తిని, చీకటిగదిలో వెంటనే నిద్రింపవలెను. షిఫ్టునకు పోకముందు గంటసేపు కునుకు తీయుట మేలు. షిఫ్టు చివరి గంటలలో టీ మానవలెను; నడిరాత్రి భోజనము తేలికగా నుండవలెను. నిద్రపోక పురుగుమందు కొట్టరాదు, ట్రాక్టరు నడుపరాదు, మోటారు మరమ్మతునకు పూనరాదు. ఇంటివారు ఆ నిద్రను సోమరితన మని యెంచక, పిల్లల అల్లరిని దూరముగా నుంచవలెను.

సంఘము చేయదగినదియు కలదు. సమావేశములు, ఎరువుల పంపిణీ సాయంకాలము జరిపినచో రాత్రి షిఫ్టు సభ్యుడు నిద్ర చెడకుండ రాగలడు. అతని నాటు దినమున ఇరుగుపొరుగు సభ్యులు బదులుకూలికి వచ్చి, అతని షిఫ్టు మారిన వారమున ఆ పని తీర్చుకొనవచ్చును. నిద్ర సుఖ మెరుగదని సామెత. కాని అది వేళ నెరుగును. ఆ వేళను తోటి సభ్యునికి దక్కనిచ్చుటయు సహకారమే.