కథానిక: కొన్ని లక్షణపదముల విచారము

కథ, ఆఖ్యాయిక, కథానిక, ఇతివృత్తము, వస్తువు, నాయకుఁడు అను పదములు పాఠశాలలయందును విమర్శగ్రంథములయందును నిత్యము వినఁబడుచున్నవి. వీనిలోఁ గొన్నింటికిఁ బ్రాచీనులు చెప్పిన యర్థము వేఱు, ఆధునికులు గ్రహించిన యర్థము వేఱు. ఈ భేదము నెఱుఁగక బోధించుటచే విద్యార్థికి లక్షణము కంఠస్థమగుచున్నదే గాని కథ బోధపడుట లేదు.

ఈ దోషము నాయందును గలదు. కొన్ని యేండ్ల క్రిందట నొక విద్యార్థి గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’నకు నాయకుఁడెవఁడని నన్నడిగెను. నేను ధీరోదాత్తాది చతుర్విధ నాయకలక్షణములను వల్లించితిని. వాఁడు శ్రద్ధగా విని, ‘గోపాలరావు వీరిలో నెవఁడండీ?’ యని మఱల నడిగెను. నాకుఁ బ్రత్యుత్తరము తోఁపలేదు. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

మొదటఁ గథాశబ్దము. వాక్యప్రబంధార్థకమగు ‘కథ’ ధాతువుపైఁ బాణినీయ 3-3-105 సూత్రముచే అఙ్ ప్రత్యయము రాఁగా నీ శబ్దము సిద్ధించుచున్నది. ప్రబంధమనఁగాఁ గూర్పు. కావున జరిగినదంతయుఁ గథ కాదు, కూర్పఁబడినదే కథ. ఇతివృత్తమనఁగా ‘ఇట్లు జరిగినది’. భరతముని దీనిని నాట్యమునకు శరీరమనెను. ధనంజయుఁడు దశరూపకమున వస్తువు, నేత, రసము అను మూఁటిచే రూపకభేదములను నిరూపించెను; ఆతని వస్తువు ఇతివృత్తమే. నేఁటి తెలుఁగు విమర్శకులు మాత్రము వస్తువనఁగాఁ గథకు విషయమైన సమస్యను గ్రహింతురు. రాత్రి ప్రొద్దుపోయి యిల్లు చేరిన భర్తకు భార్య గానరాకుండుట, ఆమె వ్రాసిపెట్టిన యుత్తరము దొరకుట ‘దిద్దుబాటు’న ఇతివృత్తము. భర్తను సానుల పాటకచ్చేరీల వ్యసనమునుండి మరలించుట వస్తువు. ఈ రెంటి నొకటిగా వ్రాసిన బాలుఁడు తప్పుచేసినవాఁడు కాఁడు. ధనంజయుని మార్గమున నడచినవాఁడు. ఏ యర్థమున నడుగుచున్నామో ప్రశ్న వేయువారే ముందు తెలుపవలెను.

ఇఁక నాఖ్యాయిక. ఈ పేరు మిక్కిలి ప్రాచీనము. ఒక విషయము నధికరించి చేసిన గ్రంథమునకుఁ బేరు పెట్టు విధము పాణిని 4-3-87 సూత్రమునఁ జెప్పెను. అచ్చటి వార్తికమునకు భాష్యమునఁ బతంజలి వాసవదత్త, సుమనోత్తర, భైమరథి యను వాని నుదాహరించెను. తరువాత భామహుఁడు, నాయకుఁడు తన వృత్తమును దానే చెప్పునది యాఖ్యాయిక యనియు, నితరులు చెప్పునది కథ యనియు విభజించెను. దండి కావ్యాదర్శమున నీ విభాగమును ఖండించెను. చెప్పువాఁడెవఁడైన నేమి, జాతి యొక్కటియే, పేళ్లు రెండు అని యాతని మతము.

దండి పక్షము సమంజసమే. అయినను భామహుఁడు చూపిన ‘ఎవరు చెప్పుచున్నారు?’ అను ప్రశ్నను విడువరాదు. అప్పారావుగారి ‘మెటిల్డా’యందుఁ గథ చెప్పువాఁడు ‘నేను’ అని చెప్పుకొను నొక విద్యార్థి. కాని కష్టము వానిది కాదు. వృద్ధభర్త యింట బంధింపఁబడినట్లున్న మెటిల్డాది. కథకుఁడు నాయకుఁడు కాఁడు, గ్రంథకర్తయుఁ గాఁడు. ఈ మువ్వురను వేఱుపఱుప నేర్చిన విద్యార్థికి సగము కథ తెలిసినట్లే.

కథానికాశబ్ద మాధునికులు కల్పించినదని తలంచువారు గలరు. అది సరి కాదు. అగ్నిపురాణము గద్యకావ్యమును ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక యని యైదు విధములుగాఁ జెప్పినది. అందుఁ గథానికకుఁ జెప్పిన లక్షణమిది: భయమును సుఖమును గలిగి, గర్భమునఁ గరుణరసమును, తుద నద్భుతమును బొంది, అర్థము చక్కఁగాఁ గూర్పఁబడి, ఉదాత్తము గానిది.

దీనిని 1910లో ‘ఆంధ్రభారతి’యందు వెలువడిన ‘దిద్దుబాటు’నకు సమన్వయింతము. భార్య కానరాకపోవుటచే భయము. ఉత్తరము చదివిన పిమ్మటఁ బశ్చాత్తాపముతోఁ గరుణము. తుద మంచము క్రిందినుండి కమలిని నవ్వు వినఁబడుట యద్భుతము, సుఖము. నౌకరు రాముని మాటలును, నిండ్లలోఁ బలుకు వ్యావహారికభాషయు నుదాత్తము గావు. కావలసిన పనియు లేదు. అప్పారావుగారు పురాణముఁ జూచి వ్రాసిరని నా వాదము కాదు. ప్రాచీనలక్షణము నూతనలక్ష్యమును గుర్తింపఁగలదని మాత్రమే.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్న. ప్రాపణార్థకమగు ‘ణీఞ్’ ధాతువునుండి నాయకశబ్దము పుట్టినది. కథను నడిపించి గమ్యముఁ జేర్చువాఁడని యర్థము. దశరూపకకారుఁడు అధికారమనఁగా ఫలస్వామ్యమనియు, ఫలమునకు స్వామియైనవాఁడే యధికారి యనియుఁ జెప్పెను. ‘దిద్దుబాటు’న ఫలము భర్త బుద్ధి మాఱుట. దానిఁ గోరినదెవరు? ఉపాయము పన్నినదెవరు? తుదకుఁ బొందినదెవరు? కమలినియే. కథయంతయుఁ గన్నులకుఁ గానరాక మంచము క్రింద నుండియుఁ గథను నడిపించినది యామెయే. గోపాలరావు నడిపింపఁబడినవాఁడు. కావున నాఁడు నేను జతుర్విధనాయకులలో వానికొఱకు వెదకుటయే పొరపాటు. నాయిక యనఁగా నాయకుని ప్రియురాలను వాడుక నా కన్నులను గప్పినది. నడిపించునది యను ధాత్వర్థమును మఱచితిని.

అయినను నీ లక్షణమును సర్వత్ర రుద్దరాదు. విజయనగరమువారైన చాగంటి సోమయాజులుగారి (1915–1994) ‘వాయులీనము’ను జూడుఁడు. జబ్బుపడిన భార్య వాయులీనమును భర్త యమ్ముట యందలి ముఖ్యాంశము. అచ్చటఁ దుద నద్భుతము లేదు. అమ్ముడుపోయినది కొయ్యయుఁ దీఁగెలును మాత్రము కాదని పాఠకునకు స్ఫురించుటయే యందలి సారము. దీనికి అగ్నిపురాణము చాలదు. ఆనందవర్ధనుని ధ్వనిమార్గమే శరణ్యము. ఒక్కొక్క కథయుఁ దనకుఁ దగిన లక్షణపదమును దానే యడుగును.

వ్యాకరణమనఁగా సూత్రము మాత్రమే కాదు, లక్ష్యమును లక్షణమును గలిసియే యని మన పెద్దలు నిర్ణయించిరి. సాహిత్యబోధనకు నిదియే న్యాయము. ముందు కథను జదివింపవలెను. ఎవరు చెప్పుచున్నారు, ఏమి జరిగినది, ఎట్లు కూర్పఁబడినది, ఎవరు నడిపించిరి యని యడుగవలెను. పిదపఁ బదమును జెప్పవలెను. కథ వ్రాయఁబూనిన బాలురకు నీ నాలుగు ప్రశ్నలే చాలును. ఆ విద్యార్థి యిప్పు డెచ్చట నున్నాఁడో యెఱుఁగను. ప్రత్యుత్తర మాలస్యమైనను, ఇట్టి ప్రశ్న వేయు వేఱొక బాలునకైన నిది యుపకరించుఁగాక.