మేఘమని పేరు; తాళపుచెవి ఎవరిది?

గుజరాతు తీరమున వాడినారు వద్ద నయారా అను సంస్థకు గొప్ప చమురుశుద్ధి కర్మాగారము కలదు. అందు దాదాపు సగము వాటా రష్యా దేశపు చమురు సంస్థది. 2025వ సంవత్సరము జూలై నెలలో ఐరోపా సమాఖ్య నయారాపై ఆంక్షలు విధించెను. ఆ ఆంక్షలు మన దేశపు శాసనములు కావు. మన న్యాయస్థానమేదియు వానిని విధింపలేదు. అయినను కొలది దినములకే మైక్రోసాఫ్టు కంపెనీ ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసెను. పూర్తిగా సొమ్ము చెల్లించిన సేవలే నిలిచిపోయినవనియు, తమ సొంత సమాచారమే తమకు అందరాకున్నదనియు మొఱపెట్టుకొని నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. పిదప కొన్ని దినములలో సేవలు మరల లభించినవి. తగవు సద్దుమణిగెను గాని, అది లేవదీసిన ప్రశ్న సద్దుమణగలేదు. మన గడ్డపై కూర్చుండి, మన సొమ్ము వెచ్చించి, మన ఉద్యోగులు వ్రాసికొన్న లెక్కల కొట్టునకు తాళపుచెవి ఎవరి చేత నున్నది?

ఈ ప్రశ్న చమురు వ్యాపారులకు మాత్రమే సంబంధించినది కాదు. నేడు బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి చీటీలు, పాఠశాలల పట్టికలు, తుదకు మన భూముల అడంగళ్లును కంప్యూటరులలోనికి చేరినవి. తెలంగాణమున ధరణి భూరికార్డుల నిర్వహణము ప్రైవేటు సంస్థ చేతినుండి 2024లో కేంద్రప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు చేతికి మారిన సంగతి మా పాఠకు లెఱుగుదురు. కావున క్లౌడు అని లోకము పిలుచు ఈ యేర్పాటు యొక్క స్వరూపము నెఱుగుట గృహస్థులెల్లరకును అవసరమని మా అభిప్రాయము.

మేఘమని పేరే గాని ఆకాశమున నున్న దేదియు లేదు. ఉన్నవన్నియు భూమిమీది కట్టడములే. వానియందు వేలకొలది కంప్యూటరులు బీరువాలలో పేర్చబడి, రేయింబవళ్లు విద్యుచ్ఛక్తిని త్రాగుచు, చల్లగాలిచే వేడి తగ్గింపబడుచు పనిచేయుచుండును. ప్రతి రైతును తన చేనిలో వేఱుగ బావి త్రవ్వుకొనుట ఒక పద్ధతి. గోదావరికి ఆనకట్ట కట్టి, కాలువలు తీసి, కావలసినవానికి కావలసినంత నీరు వదలి, తీరువ వసూలు చేయుట మఱియొక పద్ధతి. క్లౌడు ఈ రెండవ పద్ధతి వంటిది. ఒక పెద్ద యంత్రమును అనేకులు వేర్వేరుగ వాడుకొనునట్లు విభజించి, వాడినంతకు వెల కట్టుదురు. అమెజాను కంపెనీ 2006లో మొదట సమాచారమును దాచు సేవను, అదే సంవత్సరమున యంత్రములను గంటల లెక్కన అద్దెకిచ్చు సేవను ప్రారంభించెను. మైక్రోసాఫ్టువారి అజ్యూరు 2010లో సంపూర్ణముగ వాడుకకు వచ్చెను.

ఈ ఏర్పాటునకు రెండు వ్యవస్థలు కలవు: ఒకటి నేలకు సంబంధించినది, రెండవది కాగితమునకు సంబంధించినది.

నేల వ్యవస్థలో పెద్దది రీజియను, అనగా ఒక నగరప్రాంతము. అందు సాధారణముగ మూడు జోనులుండును. ఒక్కొక్క జోనున ఒకటి గాని అంతకు మించి గాని డేటా సెంటరు లుండును. ఒక జోనునకు విద్యుత్తు పోయినను, నిప్పంటుకొన్నను, వఱదవచ్చినను తక్కినవి నడచుచుండునట్లు వానికి విద్యుత్తును తంతిమార్గములను వేర్వేరుగ నేర్పఱతురు. సమాచారము కన్ను మూసి తెఱచునంతలో ఒకదానినుండి మఱియొకదానికి పోవలయును గనుక వానిని మఱీ దూరముగ కట్టరు. అమెజానువారి కట్టుబాటు నూఱు కిలోమీటరుల లోపల. ఆ కంపెనీ ముంబయి రీజియను 2016లోను, హైదరాబాదు రీజియను 2022 నవంబరులోను తెఱచెను. మైక్రోసాఫ్టు 2015లో పూనా, చెన్నపట్టణము, ముంబయిలందును, గూగులు 2017లో ముంబయి యందును, 2021లో ఢిల్లీ యందును స్థానము లేర్పఱచుకొన్నవి. విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలరులు వెచ్చింతుమని గూగులు 2025 అక్టోబరులో ప్రకటించినది.

కాగితపు వ్యవస్థను మన పూర్వపు రెవిన్యూ లెక్కలతో పోల్చిన సులభముగ బోధపడును. జిల్లా, తాలూకా, ఫిర్కా, గ్రామము, సర్వే నంబరు అని మెట్లుగ నుండెడి క్రమమువలెనే, గూగులు పద్ధతిలో సంస్థ, దాని క్రింద ఫోల్డరులు, వాని క్రింద ప్రాజెక్టులు, ప్రాజెక్టులలో యంత్రములు, కొట్లు మొదలగు వనరులు ఉండును. అమెజానులో ప్రాజెక్టునకు మాఱుగ ఖాతా. అజ్యూరులో చందాఖాతా, దాని క్రింద వనరుల సముదాయము. పేర్లు వేఱైనను సూత్రమొక్కటే. పైమెట్టున నిచ్చిన ఉత్తరువు క్రిందిమెట్ల నన్నింటికిని వర్తించును. పైన అధికారము పొందినవాడు క్రిందనున్న దాని నంతయు చూడగలడు, మార్పగలడు, తుడిచివేయగలడు. కావుననే ప్రతి ఉద్యోగికిని వాని పనికి సరిపడినంత అధికారమే యీయవలెనని, అంతకు మించి రవంతయు నీయరాదని ఈ విద్యయందు నియమము. లెక్కలు వ్రాయు కరణము చేతికే శిస్తుపైకపు పెట్టె కూడ నప్పగించిన గ్రామము గతి యేమగునో మన పెద్ద లెఱుగనిది కాదు.

ఇన్ని మెట్లున్నను ప్రమాదములు తప్పుట లేదు. 2024 మే నెలలో ఆస్ట్రేలియాయందు ఆఱులక్షలకు పైగా సభ్యులుగల యొక పింఛనునిధి, దినముల తరబడి తన ఖాతాలను సభ్యులకు చూపలేకపోయెను. గూగులు క్లౌడున దానికి స్థలము నేర్పాటు చేసినప్పు డొక గడి ఖాళీగ విడువబడినందున, ఏడాది గడువు దానంతటదియే పడి, గడువు తీరగానే ఆ భాగమంతయు తుడిచివేయబడెను. వేఱుగ దాచియుంచిన నకళ్ల సాయముననే ఆ నిధి కోలుకొనెను.

దక్షిణ కొరియా కథ అంతకంటె శోచనీయము. అచట ప్రభుత్వపు కంప్యూటరులను పరులకు విడువలేదు. స్వంత కేంద్రమునందే యుంచికొనిరి. 2025 సెప్టెంబరు 26వ తేదీన దేజాను నగరమునందలి ఆ కేంద్రమున బ్యాటరీలనుండి నిప్పంటుకొని, ఆఱువందలకు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయినవి. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను కొట్టునకు బయట నకలు లేనందున 858 టెరాబైట్ల సమాచారము బూడిదపాలయ్యెను. స్వదేశీ యన్నంత మాత్రమున రక్ష కలుగదని ఇది మనకు నేర్పు గుణపాఠము. పరాయివాని కొట్టునందు చెవి పోవు భయమైనచో, ఒంటికొట్టునందు నిప్పు భయము.

యంత్రము మన గడ్డమీద నున్నచో చాలునా యనునది తరువాతి ప్రశ్న. చెల్లింపుల వ్యవహారపు సమాచారమును భారతదేశమునందే యుంచవలెనని రిజర్వుబ్యాంకు 2018 ఏప్రిలులో ఉత్తరువు చేసినది. అది మంచిదే. కాని అంతకు కొలది దినములకు పూర్వమే, మార్చి నెలలో, అమెరికా ప్రభుత్వ మొక శాసనము చేసినది. దాని ప్రకారము, తమ దేశపు న్యాయాధికారమునకు లోబడిన కంపెనీల ఆధీనమందలి సమాచారము ప్రపంచమున నెచ్చట నున్నను, తగిన న్యాయపత్రముతో నడిగినపుడు ఆ కంపెనీలు చూపవలసియుండును. అనగా భవనము హైదరాబాదున నుండవచ్చును. యజమాని సియాటిలు నగరమున నుండును. స్థలము వేఱు, అధికారము వేఱు. ఈ భేదమును గమనింపక, మన నగరమునకు పెద్ద కట్టడములు వచ్చుచున్నవని సంతోషించి యూరకుండుట దూరదృష్టి కాదు.

విదేశీయుల యంత్రములను కాలదన్నుడని మేము చెప్పుట లేదు. మన ప్రభుత్వము 2014లో మేఘరాజను పేర స్వంత క్లౌడు నారంభించినది, దానిని బలపఱుపవలెను. అదియు ఒక్కచోటనే యుండక పలుచోట్ల నెలకొనవలెను. ఇక వర్తకసంఘములు, సహకార బ్యాంకులు, విద్యాసంస్థల పాలకులు తమ చేతిలోని పనులు కొన్ని చేయవలసియున్నది. ముఖ్యమైన లెక్కలను ముంబయి, హైదరాబాదు వంటి రెండు రీజియనులలో నుంచవలెను. ఒక నకలును ఆ కంపెనీకి బొత్తిగ సంబంధము లేనిచోట, వేఱు తాళముక్రింద దాచవలెను. ఆ నకలు తెఱచుకొనునో లేదో ఏడాది కొకమాఱైనను తెఱచి చూడవలెను. పరీక్షింపని నకలు నకలు కాదు. సమాచారమును గూఢలిపిలో నుంచి, దాని చెవిని తమ చేతనే యుంచుకొనవలెను. ప్రధాన ఖాతాయొక్క అధికారము కాంట్రాక్టరు పేరనో, పని మానిపోయిన గుమాస్తా పేరనో లేకుండ చూచుకొనవలెను. విడిపోవునపుడు మన సమాచారమును మనకు చదువవచ్చిన రూపమున ఎన్ని దినములలో నప్పగింతురో ఒడంబడికలో వ్రాయించుకొనవలెను.

ఇవి వ్యయముతో గూడిన పనులే. నకలునకు రెండవమాఱు సొమ్ము చెల్లింపవలెనా యని సణుగు పాలకవర్గములను మే మెఱుగుదుము. వారిని మేమొక్కటియే యడుగుచున్నాము. పట్టణమున బాడుగ యింట కాపురముండిన మన పెద్దలలో, తమ భూముల దస్తావేజులను ఆ ఇంటి యజమాని పెట్టెలో పెట్టి, చెవి యతని కిచ్చి వచ్చినవా డొక్కడైన నుండెనా?