ముందుగా సొమ్ము కట్టే ఆటలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో సెలవులకు ఇంటికి వచ్చే కాలేజీ పిల్లలు, బల్లమీద ఆడే కొత్త ఆటలకు సొమ్ము కట్టమని అడిగితే తల్లిదండ్రులు ఏమి చూడాలి?

ఈ ఆటలు కొన్ని తయారుకాక మునుపే జనం ఇంటర్నెట్‌లో తలా కొంత కడతారు. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ ఇందుకు పేరుపొందినది. అనుకున్న మొత్తం చేరితేనే తయారీదారునికి సొమ్ము అందుతుంది.

2015లో ‘ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్’ అనే ఆటకు 2,19,382 మంది కలిసి 87 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. పేకముక్కల ఆట అనగానే కంగారు వద్దు, ఇందులో పందెం లేదు. పేలే పిల్లి ముక్క వచ్చి, దానిని ఆపే ముక్క చేతిలో లేనివారు ఆట నుండి తప్పుకుంటారు. చిన్నపిల్లలూ త్వరగా నేర్చుకుంటారు.

మన దేశపు ‘శాసన్’ ఆటకు 2019లో ఈ విధంగానే సొమ్ము పోగైంది. అది ఎన్నికల ఆట. పంచాయతీ ఎన్నికలు చూసిన మనకు రుచిస్తుంది గాని, పెద్దపిల్లలకే తగినది.

అయితే ఇది అంగడిలో కొనుగోలు కాదు. తయారీదారుడు చేతులెత్తేస్తే కిక్‌స్టార్టర్ సొమ్ము తిరిగి ఇవ్వదు. ఆలస్యము మామూలే. పైగా రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం. గనుక వడ్లు అమ్మిన డబ్బు దీనికి కట్టేకంటే, అంగట్లోకి వచ్చాక చూచి కొనుట మేలని మా అభిప్రాయము.

ఈలోగా పులిమేక ఉన్నది. అరుగుమీద సుద్దగీతలు, 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ దిగేవరకు ఏ మేకా కదలకూడదు. పులులను కదలనీయక బంధిస్తే మేకలదే గెలుపు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలు. గీతలు తెలియనియెడల ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి.