సెక్టార్ ఫైవ్ కుర్రకారు పనిముట్లు

వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగాన్ని తయారుచేసే పనే ఫ్రంట్ ఎండ్. కోల్‌కతాలోని సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ ఐటీ కంపెనీల్లో చేరేవారికైనా, ఇంట్లో నేర్చుకునేవారికైనా మొదట కావలసినవి వీఎస్ కోడ్ వంటి ఎడిటర్, నోడ్ జేఎస్. 2009లో వచ్చిన నోడ్ బ్రౌజర్ బయట కూడా జావాస్క్రిప్ట్‌ను నడుపుతుంది. దానితోపాటే వచ్చే ఎన్‌పీఎం ఇతరులు రాసిన కోడ్ ప్యాకేజీలను తెచ్చిపెడుతుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో లాక్ ఫైల్‌లో నమోదవుతుంది. కొత్తవారు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు; అది లేకపోతే ఒకరి కంప్యూటర్‌లో చక్కగా నడిచిన సైట్ పక్కవారి దగ్గర మొరాయించవచ్చు.

ఫైల్ సేవ్ చేయగానే మార్పును బ్రౌజర్‌లో చూపేది వీట్. ఈఎస్‌లింట్ పొరపాట్లు పట్టిస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో కొత్త పనిని విడి బ్రాంచిలో చేసి, సహోద్యోగి పరిశీలించాక అసలు కోడ్‌లో కలుపుతారు.