సబ్బుబుడగలు

గడచిన వేసవిలో మా యింటివారికి బడి సెలవు లగుటచే మేము నరసరావుపేటనుండి హైదరాబాదునకు పోయి, మూసీనది దక్షిణపు టొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూచితిమి. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను సేకరించిన వస్తువులతో 1951వ సంవత్సరమున దివాన్ దేవిడీయందు తెరువబడిన యీ శాల 1968లో నేటి భవనమునకు మారినది. జనులెల్లరు సంగీత గడియారముకడ గుమిగూడి యుండగా, మా అత్తగారు మాత్రము పాశ్చాత్య చిత్రములున్న చోట నొక పటము ముందు నిలిచిపోయిరి.

అది ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో హాయెజ్ వ్రాసిన 'సబ్బుబుడగలు' అను తైలవర్ణచిత్రము. ఈయన 1791లో వెనీసునందు జన్మించి, మిలాను నగరమున బ్రేరా కళాశాలలో ఆచార్యుడై, 1882లో గతించెను. నూనెతో కలిపిన రంగు మెల్లగా ఆరును. కావున వెలుగును నీడను ఒకదానిలో నొకటి కరగించుటకు వీలగును. పలుచని రంగును పొరమీద పొరగా పూసినచో క్రిందిది పైదానినుండి తొంగిచూచును. పసిబుగ్గల నునుపు, చర్మముక్రింది నెత్తురు చాయ అట్లే పుట్టును.

ఆ దేశములందును బుడగ క్షణభంగురమైన జీవితమునకు గురుతు. మన పెద్దలును నీటిబుడగ యనియే కదా చెప్పిరి! ఇంగ్లండున మిలే అను చిత్రకారుడు 1886లో తన మనుమని బుడగలూదువానిగా చిత్రించెను. పియర్సు సబ్బువా రా పటమును ప్రకటనకు వాడుకొనిరి. ఆ బాలుడు పెరిగి నౌకాదళమున అడ్మిరల్ అయ్యెను. పటములో మాత్రము పసివాడుగనే నిలిచెను.

మా అత్తగారు తమ తొలిచూలు కుమారుని ఐదవయేట జ్వరమున పోగొట్టుకొనిరి. పసిబిడ్డకు ఫొటో తీసిన దిష్టి తగులునని, ఆయువు తరుగునని ఆనాటి పెద్దలు తీయింపనీయలేదు.

"వాడి ముఖం నాకిప్పుడు సరిగా జ్ఞాపకం రావటంలేదే అమ్మాయీ. నవ్వు మాత్రం చెవిలో ఉంది" అనిరి.

మాకు మాట రాలేదు. మా చేతిఫోనులో మా పాప చిత్రములు వేలకొలది కలవు. గోడమీద నొక్కటియు లేదు. ఫోను చెడినచో అవియు బుడగలే!

ఇల్లు చేరినపిమ్మట, పట్టుపావడాతో తీసిన దానిని గాక, పెరటిలో మట్టిచేతులతో నుండగా తీసిన దానిని కాగితముపై అచ్చువేయించి, వెనుక పేరును, తేదీని, వయస్సును వ్రాసి అద్దము కట్టించితిమి. దిష్టి మాటేమని మే మడుగగా, అత్తగారు నవ్వి, అద్దపు మూలను కాటుకచుక్క పెట్టి, తామే గోడకు తగిలించిరి.