పెరటికి గేటు.. జేబుకు చేటు కాదు!

గుంజ, బందులు, ఏటవాలు కర్ర బాగుంటే పాత చెక్కే చాలు

యానాం: పొద్దున్నే లేచి చూస్తే తోటకూర మడి బోడిగా ఉంటుంది. రాత్రి మేక దూరిందన్నమాట. పెరట్లో నాలుగు మొక్కలు వేసుకునే ఇళ్లకు ఇది మామూలే. చుట్టూ దడి ఉన్నా దారి దగ్గర మాత్రం తాటాకు తడికో, పాత రేకో అడ్డం పెట్టి సరిపెట్టేస్తాం. ఇనుప గేటు చేయిద్దామంటే ఖర్చు. పైగా గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరున్న ఊరాయె, ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. అందుకే మనకు చెక్క గేటే నయం.

దాంతో చిక్కల్లా ఒకటే. ఏడాది తిరక్కుండా గేటు కొస నేలకు ఆనుతుంది. తీసినప్పుడల్లా ఎత్తి పట్టుకోవాలి. చెక్క మంచిది కాదని తిట్టుకుంటాం గానీ తప్పు చెక్కది కాదు. డబ్బు పెట్టాల్సిన చోట పెట్టకపోవడమే అసలు లోపం. పలకలు పాతవైనా పర్లేదు. గుంజ, బందులు, ఏటవాలు కర్ర.. ఈ మూడూ సరిగ్గా ఉండాలి.

గుంజే ప్రాణం

గేటు బరువంతా బందులు బిగించిన గుంజ మీదే పడుతుంది. నేలపైన నాలుగడుగులు కనిపించాలంటే లోపలికి కనీసం రెండడుగులు దిగాలి. మెత్తటి ఒండ్రునేలలో రెండున్నర అడుగులైతే ఇంకా మంచిది. సరుగుడు బాదు గట్టిదే గానీ మట్టిలో పాతితే త్వరగా చెదపట్టి పుచ్చిపోతుంది. ముదురు తాటి చేవ అంతకంటే ఎక్కువకాలం నిలుస్తుంది. పాత ఇళ్లు విప్పేచోట తాటి దూలం ముక్కలేమైనా ఉన్నాయేమో అడిగి చూడండి. ఏదీ కుదరకపోతే సిమెంటు స్తంభం నిలబెట్టి, దానికి చెక్క గేటు తగిలించుకోవచ్చు.

చెక్క గుంజ ముందుగా పుచ్చేది నేలమట్టం దగ్గరే. తడి, గాలి రెండూ కలిసేది అక్కడ. అందుకే అడుగు నుంచి నేలపైన అర అడుగు వరకు తారు పూయాలి. గుంతలో ముందు తట్టెడు కంకర వేస్తే నీరు కిందికి ఇంకుతుంది. చుట్టూ సిమెంటు పోస్తే దాని పైభాగం బయటికి వాలుగా ఉండాలి. లేదంటే గుంజ గిన్నెలో నానబెట్టినట్టే. తూకం గుండుతో నిలువు సరిచూసుకుని, వారం రోజులు గట్టిపడనిచ్చాకే గేటు ఎక్కించాలి.

కొలతలు ఇవీ..

* గుంజల మధ్య ఖాళీ 36 అంగుళాలు. గేటు వెడల్పు 35 అంగుళాలు. రెండువైపులా అరేసి అంగుళం సందు ఉంటుంది.
* నిలువు పలకలు 9. ఒక్కోటి 3 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, మూడున్నర అడుగుల పొడవు. మధ్యలో అంగుళం సందు వదిలితే లెక్క సరిగ్గా 35 వస్తుంది.
* అడ్డపట్టీలు 2. ఒక్కోటి 35 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. పైనుంచి అర అడుగు, కిందనుంచి అర అడుగు వదిలి వేయాలి.
* ఏటవాలు కర్రకు అదే మందంలో నాలుగడుగుల ముక్క.

మొత్తం మీద సన్నపలక 32 అడుగులు, మందపు పట్టీ 10 అడుగులు ఉంటే గేటు తయారు.

ఏటవాలు ఎటు?

చాలా గేట్లు పాడయ్యేది ఇక్కడే. కింది బందు ఉన్న మూల నుంచి పైన గడియ ఉండే మూలకు కర్ర వెళ్లాలి. అప్పుడు గేటు కొస బరువు కర్ర మీదుగా కింది బందుకు, అక్కడి నుంచి గుంజకు దిగుతుంది. తిరగేసి వేస్తే ఆ బరువు మేకుల్ని లాగేస్తుంది. నాలుగు నెలలకే వదులైపోతాయి.

ముందు రెండు అంచు పలకలు, రెండు పట్టీలు నేలమీద పరిచి మూలమట్టం పెట్టాలి. మూల నుంచి మూలకు రెండువైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటైతే చట్రం సరిగ్గా ఉన్నట్టే. తర్వాత కర్రను పట్టీల మధ్య బిగువుగా కూర్చేలా కోసి కొట్టాలి. మిగతా పలకలు ఆఖర్న. పలక పట్టీని దాటే ప్రతిచోటా రెండేసి మేకులు పడాలి. రెండంగుళాలవి చాలు. జింకు పూత ఉన్నవే తీసుకోండి. టీ ఆకారం బందుల్ని ఉత్త పలక మీద కాకుండా అడ్డపట్టీ మీద మరలతో బిగించాలి. రెండు రూపాయలు ఎక్కువైనా బందుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

చవగ్గా చెక్క

పాత కిటికీ రెక్కలు, విప్పిన కలప, యంత్రాల ప్యాకింగు చెక్క పలకలకు బాగా పనికొస్తాయి. విదేశాల నుంచి వచ్చిన ప్యాకింగు చెక్క మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, దాని జోలికి పోవద్దు. కొత్త కలపే కొనాలంటే యానాంలోనా, కాకినాడలోనా అని పన్ను లెక్కలు వేయక్కర్లేదు. 2017 జులై నుంచి రెండుచోట్లా ఒకటే జీఎస్టీ. ఆటో కిరాయి కలిపి చూసుకుంటే సరి.

గాలికీ, వరదకూ..

1996 నవంబరు తుపాను చూసిన ఊరు మనది. సందుల్లేకుండా పలకలు కొడితే గాలి గేటును తెరచాపలా నెడుతుంది. సందులుంటే దూరి వెళ్లిపోతుంది. 2022 జులైలో వచ్చినట్టు వరద నీరు చేరినా, నానిన చెక్క ఉబ్బేది అడ్డంగానే. ఆ ఉబ్బు సందుల్లో సర్దుకుంటుంది, గేటు ఇరుక్కోదు. పైకి కనిపించే పలకల కొసల్లోంచే తడి ఎక్కువగా దిగుతుంది కాబట్టి అక్కడ రంగు రెండు పూతలు వేయండి.

ఇప్పటికే వాలిన గేటుందా?

కొత్తది చేయించక్కర్లేదు. గేటు కొసను ఎత్తి కింద ఇటుక పెట్టండి. పై బందు మూల నుంచి కింది గడియ మూలకు జింకు పూత తీగ రెండు పేటలుగా కట్టండి. పేటల మధ్య చిన్న పుల్ల దూర్చి, బిగిసేదాకా మెలిపెట్టి, పుల్ల తిరిగిపోకుండా పలకకు కట్టేయండి. తీగ లాగడానికి బలం, కర్ర మోయడానికి బలం. అందుకే కర్ర పోయే దిక్కుకు తీగ ఎదురు పోవాలి. ఇటుక తీసేశాక గేటు తేలిగ్గా తిరిగితే పని అయిపోయినట్టే. ఒకవేళ గుంజే ఊగుతుంటే మాత్రం తీగతో తీరదు. ముందు గుంజను సరిచేయాల్సిందే.