మడికే కాదు, మన ఒంటికీ తేమ కావాలి

వేసవిలో నేల ఎండకుండా మల్చింగ్ వేస్తాం. మరి మన ఒంటి తేమ సంగతేంటి?

చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. అందుకే పొద్దున్నే రాగి అంబలి తాగి పొలానికెళ్లండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ వెంట పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా 20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లో, మజ్జిగో తాగండి. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో డాక్టర్‌ని అడగండి.

జీవామృతం పిచికారీ, కలుపు లాంటి పనులు పొద్దున, సాయంత్రం పెట్టుకోండి. 11 నుంచి 4 దాకా నీడ పట్టునే ఉండండి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనిషి తికమకపడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు చిట్కాలతో కాలయాపన చేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకి చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోసి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

మందుల్లేని తిండి తింటున్నాం, మనకేం కాదులే అనుకోకండి. ఎండకి ఆ లెక్కలు తెలియవు!